జప్తు దోనె

ఆ దోనె మా నాకాకు ఎడ్లబండి మీద వచ్చింది. వానలు వెళ్ళినా ఇంద్రావతిలో ఉధృతి ఇంకా తగ్గలేదు. ఎదురు నీళ్ళలో దాన్ని తోసుకు రావడం చేతగాక జవాన్లు బండి కట్టించారు. బండి పొడవు చాలక దాని ముక్కు రెండు మూరలు బయటికి పొడుచుకొచ్చింది. దారిలో ప్రతి గుంతకూ తల ఊపుకుంటూ వచ్చింది. నేను వాకిట్లో నిలబడి నవ్వాను. మా ఆయన నవ్వలేదు. రిజిస్టరు తెచ్చి రాసుకున్నారు: మద్ది మాను తొలిచి చేసిన దోనె ఒకటి, పర్మిట్ లేకుండా చెట్టు కొట్టినందుకు జప్తు. తర్వాత ముద్ర సుత్తి తీసుకుని దాని అంచు మీద ఒక దెబ్బ వేశారు. మొద్దుల మీద పడే ముద్రే దాని మీదా పడింది.

బస్తర్ రాజ్యం ఉన్న రోజులవి. నాకా అంటే అడవి నుంచి పోయే కలపను ఆపి చూసే చోటు. మా ఆయన అక్కడ లెక్కలు రాసే మున్షీ. బీజాపూర్ నుంచి బండి మీద రెండు రోజుల దారి. ఏటి ఒడ్డున రెండు గదుల ఇల్లు, పక్కన కలప దొడ్డి, దాని వెనక ఇద్దరు జవాన్ల గుడిసెలు. కాస్త పైన ఊరు.

నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు. భద్రాచలం దిక్కు పల్లె నుంచి పెళ్ళయి వచ్చాను. చిన్నప్పటి నుంచీ నాకు కాలు నిలవదు. ఒకచోట కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది. పుట్టింట్లో కట్టెలకని, విస్తరాకులకని, ఏదో ఒక వంకతో అడవిలోకి పడేదాన్ని. నాకాలో వంకలు లేవు. కట్టెలు జవాన్లు తెచ్చి పడేసేవారు. నీళ్ళు ఇంటి ముందే. మున్షీ పెళ్ళాం ఊళ్ళో ఊరికే తిరగకూడదు. వంటిల్లు, వాకిలి, దొడ్డి, మళ్ళీ వంటిల్లు. ఏటికి అవతల ఇంగ్లీషు వాళ్ళ జిల్లా. ఏటి వెంట కిందికి పోతే గోదావరి, దాని అవతల నిజాం రాజ్యం. ఇన్ని రాజ్యాలను చుట్టూ పెట్టుకుని నేను రోజుకు రెండుసార్లు చారు కాచేదాన్ని.

మా ఆయన తీరు వేరు. కూర్చున్న చోట కూర్చున్నట్టే ఉండగలరు. జగ్దల్‌పూర్ నుంచి ఎప్పుడో వచ్చిన పాత పత్రిక ఒకటి ఇంట్లో ఉండేది. దాన్నే ఏడాది పొడుగునా చదివారు. నీళ్ళంటే మాత్రం భయం. ఏటి ఒడ్డున కాపురం ఉంటూ, బిందెలో నీళ్ళు తెప్పించుకుని దొడ్లో స్నానం చేసేవారు.

మా ఊళ్ళో శుక్రవారం సంత. దోనె వచ్చిన వారమే, సంత రోజున ఒక ముసలాయన కలప దొడ్డిలోకి వచ్చాడు. దొర్ల తెగ మనిషి. మొలకు గోచీ, భుజాన గొడ్డలి, చేతిలో ఎండిన సొరకాయ బుర్ర. ఎవరినీ ఏమీ అడగలేదు. దోనె చుట్టూ ఒకసారి తిరిగి, ఏట్లోకి దిగి, బుర్ర నిండా నీళ్ళు తెచ్చి దాని లోపల పోశాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అదే పని. నేను కిటికీలోంచి చూసి చూసి, ఆగలేక వెళ్ళాను.

"ఏంది తాతా, ఏం చేస్తున్నవ్?"

"తాపుతున్న," అన్నాడు. "ఎండల పడేసిన్రు. ఇట్ల ఉంటె పగిలిపోతది."

"ఇది నీదా?"

"చేసింది నేను. ఇప్పుడు నాది కాదంట గద." గొంతులో కోపం లేదు. "ఎవలదైనా గాని, దానికి నీళ్ళు కావాలె."

వాళ్ళ మాటలో 'మీరు' అనేది లేదు. మున్షీనైనా, మున్షీ పెళ్ళాన్నైనా, తన మనవరాలినైనా 'నువ్వు' అనే అంటాడు. అది నాకు నచ్చింది. ఆ ఊళ్ళో నన్ను నువ్వు అన్న మగమనిషి, మా ఆయన కాక, అతనొక్కడే.

తర్వాతి శుక్రవారమూ వచ్చాడు. వాళ్ళ ఊరు ఏటి కింది వైపు మూడు కోసుల దూరం. తెల్లారకముందే బయలుదేరి నడిచి వస్తాడు. సంతలో ఉప్పు కొంటాడు, దోనెకు నీళ్ళు పోస్తాడు, వెళ్ళిపోతాడు. మూడో వారం చెప్పాను, నేను రోజూ పోస్తాలే అని. అతను తల అడ్డంగా ఊపాడు.

"పోస్తె చాలదమ్మా. ఏట్ల ఉండాలె. తిరగాలె. పండబెడితే చెడిపోతది."

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటుండగా ఎత్తాను. "ఆ దోనె పగిలితే రేపు మీ మీదికే వస్తది. ఏట్లో కట్టేయించండి."

ఆయన ముద్ద పట్టుకుని కాసేపు ఆలోచించారు. "ఆ మాటా నిజమే," అన్నారు. మర్నాడు జవాన్లు దాన్ని దొర్లించుకుంటూ తీసుకెళ్ళి ఏట్లో దింపి, ఒడ్డున ఉన్న వేరుకు తాడుతో కట్టారు. రిజిస్టరులో దానికీ ఒక వాక్యం రాశారు.

కట్టిన రోజే నేను దాంట్లో కూర్చోబోయాను. కూర్చోవడానికేముంది, ఎవరైనా కూర్చుంటారు అనుకున్నాను. కాలు పెట్టగానే అది కింద నుంచి జారింది. చీరతో సహా నీళ్ళలో పడ్డాను. జవాన్లలో ఒకతని పెళ్ళాం బట్టలుతుకుతూ చూసి, బండ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. శుక్రవారం దాకా ఆగి ముసలాయనను అడిగాను, గెడ వేయడం నేర్పమని. అతను నా మొహం చూశాడు, దోనెను చూశాడు. ఎందుకని అడగలేదు.

"ఎక్కు," అన్నాడు.

అతను ఒడ్డున మోకాటి లోతు నీళ్ళలో నిలబడి చెప్పేవాడు. "మోకాళ్ళు బిగబట్టకు. నడుము ఒదులు. గెడను సూడకు, పొయ్యే దిక్కు సూడు." గెడ అడుగున ఆనాలి, ఆనగానే ఒంటి బరువు దాని మీద వాలాలి, దోనె కదలగానే గెడ లేవాలి. ఒక క్షణం ముందైతే చాలదు, ఒక క్షణం ఆలస్యమైతే గెడ వెనక్కి గుంజుతుంది. "రాళ్ళ మధ్య ఇరుక్కుంటె మాత్రం గెడను వదిలెయ్యాలె. దాన్ని పట్టుకోని ఏలాడకు. గెడ పోతె అడవిల ఇంకోటి ఉంటది."

నాలుగు వారాలు పట్టింది. అప్పుడు కానీ నిలబడి, పడకుండా, అనుకున్న చోటికి పోవడం రాలేదు. ఆ మొదటిసారి ఒడ్డు వదిలి ఏటి మధ్యకు వచ్చినప్పుడు నాకు సంతోషం కాదు, ఆకలి లాంటిదేదో వేసింది. అక్కడి నుంచి చూస్తే మా ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. ముందు ఒక మలుపు ఉంది. దాని అవతల ఏముందో చూడాలి. చూస్తే అక్కడ నల్ల బండలు, వాటి మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు, ఇంకొక మలుపు. అది చూస్తే ఇంకొకటి. వెనక్కి తిరగాలంటే ప్రాణం గింజుకునేది.

మా ఆయన ఒక షరతు పెట్టారు. "నల్ల బండల దాకానే. అంతకు మించి వద్దు. అది సర్కారు మాలు." నాకేమవుతుందో అనకుండా మాలు సంగతి చెప్పారని నాకు కోపం వచ్చింది. ఆ రోజు పంతానికి బండలు దాటి పోయి వచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఒడ్డున నిలబడి ఉన్నారు. తర్వాత రోజూ నేను వచ్చే వేళకు అక్కడే నిలబడేవారు, చేతిలో ఆ పాత పత్రిక.

జవాను పెళ్ళాం రోజూ అడిగేది. ఆమెది హల్బీ, తెలుగు, హిందీ కలిసిన మాట.

"ఎటు పోయినవ్, బాయీ?"

"ఎటూ పోలేదు."

"మరి పోయినవ్ గద? చేపలకా?"

"కాదు."

"అవతలి ఒడ్డుకా? ఎవలన్న చుట్టాలున్నరా?"

"లేరు. ఊరికే పోయిన."

ఆమెకు అది నమ్మశక్యం కాలేదు. ఏరు దాటడానికో, చేపకో, కట్టెకో తప్ప మనిషి దోనె ఎక్కడం ఆమె ఎరగదు. కొన్నాళ్ళకు తనే ఒక కారణం కట్టింది: పిల్లలు లేక బెంగ, పాపం. ఊరంతా అదే అనుకుంది. నిజానికి నాకు ఏ బెంగా లేదు. నాకు కదలాలని ఉండేది, అంతే. అది ఎవరికి చెప్పినా కారణం కింద చెల్లదు.

ముసలాయనకు మాత్రం కారణం అక్కర్లేకపోయింది. ఒక శుక్రవారం దోనె అంచు మీద కూర్చుని వాళ్ళ నాయన సంగతి చెప్పాడు. ఆ రోజుల్లో దార్లు లేవు. ఉప్పు కింది నుంచి దోనెల్లోనే వచ్చేది. పెళ్ళికూతురు దోనెలోనే అత్తగారింటికి పోయేది. ఏటి అవతల చనిపోయిన మనిషిని దోనెలోనే ఇంటికి తెచ్చుకునేవారు. "జంగల్‌కు హద్దు రాళ్ళు పాతనీకె మొదటి దొర వచ్చిండు. ఆ దొరను మా అయ్యనే దోనెల తోలుకొచ్చిండు," అని చెప్పి, పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు.

చలికాలం మధ్యలో అడవుల పెద్ద దొర ఒకాయన తనిఖీ దౌరా మీద వచ్చారు. నది ఒడ్డున మూడు రోజులు డేరా. ఆయన సామానులో ఒక గుడ్డ పడవ ఉంది. గొడుగులా ముడిచి మోసుకొస్తారు, గొడుగులా విప్పుతారు. పొద్దున్నే దాంట్లో కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు ఆడిస్తూ ఏటి మధ్యకు పోయేవారు. తుపాకి తీసుకుపోలేదు. గాలం తీసుకుపోలేదు. అటు పోయి, ఇటు వచ్చి, మధ్యలో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోతూ ఆకాశం చూసేవారు. ఒడ్డు వెంట జవాన్లు టీ కెటిల్ పట్టుకుని పరుగెత్తేవారు. నేను వంటింట్లోంచి చూస్తూ జవాను పెళ్ళాంతో అన్నాను, "ఆయననూ అడుగు, ఎటు పోయినవని." ఆమె నోరు మూసుకుని కళ్ళు పెద్దవి చేసింది.

మూడో రోజు దొర మా దోనె దగ్గరికి వచ్చారు. ఒంగి, అంచు వెంట అరచెయ్యి పోనిచ్చారు. లోపల బాడిస దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి చేప పొలుసుల్లా ఉంటాయి. వాటినీ వేళ్ళతో తడిమారు. "అచ్ఛా కామ్ హై," అన్నారు. పని తెలిసిన మనిషి మెచ్చుకోలు అది. నాకు కడుపు నిండింది. తర్వాత ఆయన ముద్ర కోసం వెతికారు. నా పాదాలకూ నీళ్ళకూ అది సగం అరిగిపోయి ఉంది. అప్పుడు అడిగారు, జప్తు మాలు నీళ్ళలో ఎందుకుందని.

"ఎండకు పగలకుండా, హుజూర్," అన్నారు మా ఆయన.

"పగిలితే ఏం?" అన్నారు దొర హిందీలో. "దీన్ని దాచుకునేది దేనికి? నరికించి కట్టెల్లో వెయ్యి. చూసినవాళ్ళకు బుద్ధి వస్తుంది. వారంలో రిపోర్టు రావాలి."

కోపంగా అనలేదు. చెయ్యి ఇంకా దోనె అంచు మీదే ఉంది. అలా ప్రేమగా తడిమిన చేత్తోనే నరికించమనడం ఎలా వీలైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ మధ్యాహ్నమే వాళ్ళ గుడ్డ పడవ ముడుచుకుని, డేరాలు ఎత్తి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున మా ఆయన పళ్ళు తోముకుంటూ, నా వైపు చూడకుండా చెప్పారు. "రేపు గొడ్డలి పట్టే మనిషిని రమ్మన్నా."

నేను పొయ్యి మీద ఎసరు పెట్టాను. బియ్యం కడిగాను. కడిగిన బియ్యం అక్కడే వదిలేసి, ఏటికి పోయి, తాడు విప్పాను.

ఇక్కడ అబద్ధం రాయను. దాన్ని ముసలాయనకు అప్పగించాలనే ఆలోచన నాకు రాలేదు. దాన్ని కాపాడుతున్నానని కూడా అనుకోలేదు. రేపు లేకపోతే ఈ రోజే పోవాలి, ఎంత దూరం పోతే అంత దూరం, అదొక్కటే. నల్ల బండలు దాటాను. నాకు తెలిసిన చివరి మలుపు దాటాను. ఇసుక మీద మొసలి ఒకటి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. అది కదల్లేదు, నేనూ ఆగలేదు. ప్రతి మలుపుకూ గోదావరి కనిపిస్తుందేమో అనిపించేది. కనిపించేది కాదు. ఇంకా గట్టిగా తోసేదాన్ని. ఒకసారి కూడా వెనక్కి చూడలేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చే వేళకు ఏరు సన్నబడింది. రెండు వైపులా రాళ్ళు, మధ్యలో తెల్లటి నురగతో నీళ్ళు. దోనె ఒక్కసారిగా వేగం అందుకుంది. రాయి తగలకుండా పక్కకు తోద్దామని గెడ వేశాను. అది రెండు బండల మధ్య దిగబడింది. గుంజాను, రాలేదు. దోనె కాళ్ళ కింద నుంచి పోతోంది, చేతులు గెడను వదలడం లేదు. ముసలాయన మాట గుర్తొచ్చిందో, చేతులే జారాయో తెలీదు, వదిలేశాను. దోనెలో వెల్లకిలా పడ్డాను. తల ఎత్తి చూస్తే గెడ ఏటి మధ్యలో నిటారుగా నిలబడి ఊగుతోంది. నేను దానికి దూరమైపోతున్నాను.

తర్వాత చేతులతోనే నీళ్ళు వెనక్కి తోశాను. ఎటు తీసుకుపోతే అటు పోయాను. మొన్న దొరను చూసి ఈర్ష్య పడ్డ పని అదే, ఇప్పుడు ఎప్పుడు ఆగుతానా అని చూశాను. చివరికి ఒక ఇసుక దిబ్బకు దోనె తనంతట తానే తగులుకుంది. దిగి, దాన్ని పైకి లాగి, ఇసుకలో కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కూడా కూర్చోలేకపోయాను. దిబ్బ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడం మొదలుపెట్టాను.

ఎన్నిసార్లు తిరిగానో. ఒడ్డు వైపు నుంచి కేక వినిపించింది. చూస్తే మా ఆయన.

పొద్దున్నుంచీ ఆయన ఒడ్డు వెంట నడుస్తూ నాతో పాటే వచ్చారట. ముళ్ళలో, రాళ్ళలో, వాగులు దిగి ఎక్కి. కేకలు వేశారట, నీళ్ళ హోరులో నాకు వినపడలేదు. ధోవతి మోకాళ్ళ దాకా చిరిగింది. భుజం మీద ఒక పొడవాటి వెదురు ఉంది. గెడ ఇరుక్కోవడం ఒడ్డు మీది నుంచి చూసి, దారిలో ఒక మేకల కాపరి కత్తితో ఆ వెదురు కొట్టించుకున్నారు. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య సన్నటి పాయ. మా ఆయన ఆ పాయ అంచున నిలబడి నీళ్ళ వైపు చూశారు. తర్వాత దిగారు. వెదురుతో లోతు చూసుకుంటూ, అడుగు తర్వాత అడుగు, మొల లోతు, ఛాతీ లోతు. ఈత రాని మనిషి. ఒకచోట కాలు జారి గడ్డం దాకా మునిగారు. వెదురును మాత్రం వదల్లేదు.

వచ్చి నా ముందు నిలబడ్డారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తిడతారనుకున్నాను.

"ఇది పనికొస్తదా?" అన్నారు, వెదురు చూపిస్తూ.

నేను దాన్ని తీసుకున్నాను. కొంచెం లావు, బరువు ఎక్కువ. "పనికొస్తది," అన్నాను.

ఆయన ఇసుకలో కూలబడి, కాళ్ళలో ముళ్ళు తీసుకున్నారు. తర్వాత అడిగారు, "ఆ ముసలాయన ఊరు ఇక్కడికి ఎంత దూరం?"

"తెలవదు. కిందికే ఉంటది."

"పోయి ఇచ్చేద్దాం."

"మరి రిపోర్టు?"

"నరికించినమని రాస్త." ఆ మాట అనేసి, విన్నవాళ్ళెవరైనా ఉన్నారా అన్నట్టు అటూ ఇటూ చూశారు. దిబ్బ మీద మేమిద్దరమే.

ఆయనను దోనెలో కూర్చోబెట్టడం నేను పడ్డ పాట్లన్నిటి కంటే పెద్ద పాటు. అడుగున కూర్చుని, రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. దోనె ఊగినప్పుడల్లా శ్వాస ఆపేవారు. "కళ్ళు తెరవండి, బాగుంటది," అన్నాను. "నువ్వు తోలు," అన్నారు. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. అయినా దింపమని అడగలేదు.

పొద్దు వాలకముందే ఊరు వచ్చింది. ముసలాయన ఒడ్డున వల సరిచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూశాడు. లేచి వచ్చి, మాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా దోనెను ఒడ్డుకు లాగి, ఒంగి అడుగంతా తడిమాడు.

"ఈడ రాయి కొట్టింది," అన్నాడు నాతో.

"గెడ ఇరుక్కుంది తాతా."

"వదిలేసినవా?"

"వదిలేసిన."

"మంచిగ చేసినవ్." అప్పుడు మా ఆయన వైపు తిరిగాడు. "ఏంది మున్షీ, నువ్వెందుకు వచ్చినవ్? మొహం అట్ల పాలిపోయింది?"

మా ఆయన చేత్తో దోనెను చూపించి, తర్వాత ముసలాయనను చూపించారు. ముసలాయనకు అర్థమైంది. కృతజ్ఞతలు చెప్పడం వాళ్ళకు అలవాటు లేదు. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి, జొన్న జావ పోసి, తన మంచం మా ఆయనకు వేశాడు. పొద్దున్నే నన్ను లేపి, ఊరి చివర గుట్ట ఎక్కించి, వేలు చూపించాడు. దూరంగా తెల్లగా, ఇంద్రావతికి పది రెట్లున్నట్టు ఒక వెడల్పు.

"అది గోదారి," అన్నాడు.

నేను ఎంతో సేపు చూశాను. ఇన్నాళ్ళు అనుకున్నది కళ్ళ ముందే ఉంది కదా, మనసు నిలవాలి కదా. నిలవలేదు. అది ఎక్కడ మలుపు తిరుగుతుందా అని చూశాను.

వెనక్కి నడిచే వచ్చాం. సగం దారిలో మా ఆయన ఆగారు. "ఎందుకు పోతవ్ అట్ల?" అని అడిగారు. అడిగింది ఆ ఒక్కసారే.

"తెలవదు," అన్నాను. ఆయన తల ఊపి మళ్ళీ నడిచారు.

ఇంటికొచ్చాక ఏట్లో కొట్టుకొచ్చిన ఒక పుచ్చు మాను నరికించి కట్టెల్లో వేయించారు. రిజిస్టరులో రాయాల్సింది రాశారు. ఏ విచారణా రాలేదు. ఎండాకాలంలో మాత్రం బీజాపూర్‌కు బదిలీ అయింది. దీనివల్లేనా, మామూలు బదిలీయా, మాకు తెలియలేదు. బీజాపూర్‌లో ఏరు లేదు. కచ్చేరీ వెనక ఇల్లు. నేను వాకిలి ఊడ్చిందే మళ్ళీ ఊడ్చేదాన్ని. ముసలాయన తర్వాత ఏమయ్యాడో, దోనె ఏమైందో ఎవరూ చెప్పలేదు.

మూడేళ్ళ తర్వాత, రాజ్యం ఇంకా ఉన్న రోజుల్లోనే, మా పుట్టింటికి బయలుదేరాం. దారిలో శబరి దాటాలి. రేవు దగ్గర పెద్ద పడవ, ఇరవై మంది మనుషులు, రెండు మేకలు, మా ట్రంకు పెట్టె. మా ఆయన మధ్యలో ఇద్దరు మనుషుల నడుమ ఇరుక్కుని కూర్చున్నారు. నేను ముక్కు దగ్గర నిలబడ్డాను. పడవవాడు కూర్చోమని రెండుసార్లు అరిచి ఊరుకున్నాడు. అవతలి ఒడ్డు చూస్తుండగానే వచ్చేసింది. అందరూ తోసుకుంటూ దిగారు. మా ఆయన పెట్టె దింపించుకుని, ఒడ్డు మీద నిలబడి వెనక్కి చూశారు.

"దిగమ్మా, వచ్చేసినం," అన్నాడు పడవవాడు.

"మళ్ళ అటు పోతవా?"

"పోత. ఆడ జనం ఉన్నరు గద."

"పోయి, మళ్ళ ఇటు వస్తవా?"

"వస్త. ఏందమ్మా, ఏమన్న మరిచినవా?"

"లేదు. నేనూ వస్త," అన్నాను.

పడవవాడు నా వైపు చూసి, ఒడ్డున ఉన్న మా ఆయన వైపు చూశాడు. మా ఆయన రుమాలు తీసి ట్రంకు పెట్టె మీద దుమ్ము దులిపి, దాని మీద కూర్చున్నారు.